సీసం మీద ఓడ: తెలుగు నేల ప్రాచీన నాణేల కళాసౌందర్యం

తెలుగు నేల మీద నాణేల చరిత్ర రెండు వేల ఏళ్లకు మించినది. అమరావతిలో దొరికిన వెండి విద్ధాంక నాణేల రాశి నుంచి హంపీ రాజుల బంగారు వరహాల దాకా ఆ చరిత్రను సాధారణంగా రాజుల వరుసను తేల్చడానికో, వర్తకం ఆనవాళ్లు పట్టడానికో చదువుతారు. ఏ నాణెం ఎవరిది, ఎంత తూగుతుంది, ఎక్కడ దొరికింది అన్న ప్రశ్నలకు జవాబులు రాసి పెట్టిన పట్టికలు మనకు చాలా ఉన్నాయి. ఈ నాణేలు అందంగా ఉన్నాయా, ఉంటే ఆ అందం ఎలాంటిది అన్న ప్రశ్నకు మాత్రం అరుదుగా చోటు దొరుకుతుంది. దొరికినప్పుడు కూడా గ్రీకు నాణేన్ని పక్కన పెట్టి, దానికి తీసికట్టుగా ఉందని తేల్చి వదిలేయడం పాత అలవాటు. ఆ కొలబద్దే తప్పు. ముఖంలోని ప్రతి గీతనూ లోహంలోకి దించడం నాణేల కళలో ఒక దారి మాత్రమే. తక్కువ గీతలతో, మెత్తని చవక లోహం మీద, వేగంగా కొట్టే అచ్చుతో, చూడగానే గుర్తుపట్టే బొమ్మను నిలబెట్టడం ఇంకో దారి. తెలుగు నేల నాణేలు ఎక్కువగా ఈ రెండో దారిలో నడిచాయి. వాటి సౌందర్యం దేన్ని వదిలేయాలో తెలిసిన చేతి సౌందర్యం.

ఈ మాటను నిలబెట్టడానికి న్యూజిలాండ్‌లోని మౌంట్ రాస్కిల్ మంచి చోటు. ఆక్లండ్ నగరంలో, మావోరీలు పుకెటాపాపా అని పిలిచే 110 మీటర్ల అగ్నిపర్వత శంకువు చుట్టూ పెరిగిన పేట ఇది. 1947 నుంచి 1989 దాకా సొంత పురపాలన ఉన్న బరోగా సాగి, తరవాత ఆక్లండ్‌లో కలిసింది. భారతీయ కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ పేటల్లో ఇదొకటి. ఇక్కడి తెలుగు పిల్లల చేతుల్లో ఆడే చిల్లరకు తొంభై ఏళ్ల చరిత్రే ఉంది. న్యూజిలాండ్ తన సొంత నాణేలను మొదట 1933లో విడుదల చేసింది. కానీ బొమ్మలు ఎంచుకోవడంలో ఆ దేశం వేసుకున్న ప్రశ్నలు శాతవాహనుల టంకశాలలో వేసుకున్నవే. రాజు ముఖం ఏ వైపు ఉండాలి? రెండో వైపు ఏ జంతువు, ఏ పక్షి, ఏ చిహ్నం ఈ నేలను తలపించాలి? అంత చిన్న వృత్తంలో ఏది ఇముడుతుంది? ఆ చిల్లరను చూసిన కంటితో తిరిగి కృష్ణా, గోదావరి తీరాల సీసపు నాణేలను చూస్తే, గ్రీకు కొలబద్దతో కనిపించనివి చాలా కనిపిస్తాయి.

మొదట విద్ధాంక నాణేలు. వీటి తయారీలో అచ్చు ఒక్కటి కాదు. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, తూకం సరిపోయేదాకా మూలలు చెక్కి, ఒక్కో గుర్తునూ వేరు వేరు ముద్రతో గుద్దేవారు. కార్షాపణం అనే ఈ నాణెం తూకం 32 గురివింద గింజలు, అంటే సుమారు 3.4 గ్రాములు. మౌర్యుల కాలపు నాణెం మీద బొమ్మ వైపు ఐదు గుర్తులుంటాయి. సూర్యుడు, ఆరు చేతుల చక్రం, కమానుల కొండ, చెట్టు, ఏనుగు, ఎద్దు వంటివి. పేరు లేదు, ముఖం లేదు, అక్షరం లేదు. ముద్రలు ఒకదాని మీద ఒకటి పడతాయి, కొన్ని అంచు దాటి సగమే మిగులుతాయి. ఇది అస్తవ్యస్తమని తోచడం సహజం. అయితే ఆ గుర్తులను విడివిడిగా చూడండి. నాలుగైదు మిల్లీమీటర్ల జాగాలో ఏనుగు ఏనుగుగానే ఉంది, ఎద్దు మూపురం చెక్కుచెదరలేదు. వాకిట్లో ముగ్గు వేసే చేయి చుక్కనూ గీతనూ ఎలా నమ్ముకుంటుందో, ఈ ముద్రలు చెక్కిన చేయి కూడా అలాగే నమ్ముకుంది. పైగా మూలలు చెక్కిన వెండి ముక్క ఏ రెండూ ఒక ఆకారంలో ఉండవు కాబట్టి గుర్తుల కూర్పు ప్రతి నాణెంలోనూ కొత్తగా పడుతుంది. ఈ యాదృచ్ఛికతను లోపమనవచ్చు. కానీ వందల నాణేలను వరసగా పరిచి చూసినప్పుడు కంటికి పట్టేది ఆ వైవిధ్యమే.

శాతవాహనులతో కథ మారుతుంది. ఇప్పటి జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో దొరికిన నాణేలు శాతవాహనులకు ముందటి స్థానిక పాలకులవి కూడా. గోభద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు బ్రాహ్మీ అక్షరాల్లో వాటి మీద కనిపిస్తాయి. చిముక అనే పేరున్న నాణేలూ అక్కడ దొరికాయి. వాటిని శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుడికి ఆపాదిస్తారు. పెద్దబంకూరు తవ్వకాల్లో నాణేలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. మెదక్ ప్రాంతంలోని కొండాపూర్‌ను 1940, 1941 సంవత్సరాల్లో గులాం యజ్దానీ నాయకత్వంలో తవ్వినప్పుడు టంకశాల ఉండేదనడానికి ఆధారాలు దొరికాయి. ఈ చోట్ల దొరికిన నాణేల్లో సీసానివి చాలా ఎక్కువ. రాగివి, రాగి తగరం సీసం కలిపిన పోటిన్ లోహంతో పోతపోసినవీ ఉన్నాయి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, చాకుతో గీస్తే గీత పడేంత మెత్తన. అచ్చు కొట్టడం తేలిక, అరిగిపోవడం కూడా అంతే తేలిక. ఇక్కడే శాతవాహన కళాకారుడి తెలివి కనిపిస్తుంది. మెత్తని లోహం మీద సన్నని గీత నిలవదని అతనికి తెలుసు. అందుకే ఏనుగును లావైన, గుండ్రని ముద్దల్లో కట్టాడు. పొట్ట ఒక ముద్ద, తల ఒక ముద్ద, పైకి లేపిన తొండం ఒకే ఒక వంపు. నాణెం సగం అరిగినా ఏనుగు మిగులుతుంది. సింహం, గుర్రం, ఎద్దు కూడా ఇదే సూత్రం మీద తయారయ్యాయి. బొరుసు వైపు చాలా నాణేల మీద ఉజ్జయిని చిహ్నం ఉంటుంది. అడ్డంగా నిలువుగా రెండు గీతలు, నాలుగు కొనల్లో నాలుగు గుండ్రాలు. అరిగినా, పక్కకు పడినా, తలకిందులైనా చదవగలిగిన గుర్తు అది. ఇంత పొదుపైన, ఇంత గట్టి రూపకల్పన ఆ కాలపు ప్రపంచంలో అరుదని నా అభిప్రాయం.

ఈ నాణేల్లో అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడించేది ఓడ నాణెం. ఇ.జె. రాప్సన్ 1908లో బ్రిటిష్ మ్యూజియం కోసం తయారు చేసిన శాతవాహన, క్షత్రప నాణేల పట్టికలో ఇది కోరమాండల్ తీరం రకంగా నమోదైంది. సీసపు నాణెం. బొమ్మ వైపు రెండు తెరచాప కొయ్యలున్న ఓడ, చుట్టూ శాతవాహన రాజు పులుమావి పేరును తెలిపే అక్షరాల శకలాలు, బొరుసున ఉజ్జయిని చిహ్నం. కొన్నిటిని యజ్ఞశ్రీ శాతకర్ణివిగా కూడా చెబుతారు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలెమీ పైఠాన్ రాజుగా పులుమావిని పేర్కొన్నాడు. కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. సువర్ణభూమికి వెళ్లే ఓడలు తీరం విడిచి నడిసంద్రంలోకి తిరిగే చోటును కూడా ఆ తీరం మీదే గుర్తించాడు. కాబట్టి ఓడ బొమ్మ అలంకారానికి పుట్టింది కాదు. కానీ దాన్ని వేసిన తీరు అలంకారానికి తక్కువా కాదు. ఓడ కింది భాగం ఒకే వంపు, చంద్రవంక లాగా. దాని మీద రెండు నిలువు గీతలు. ఇంతే చాలు, ఓడ. నీటిని విడిగా చూపించకపోయినా ఆ వంపే నీటిని తలపిస్తుంది. నిలువు గీతల మధ్య ఖాళీ గాలికి చోటిస్తుంది. అరవై డెబ్భై గీతల్లో చెప్పగలిగినదాన్ని పదిలో చెప్పడం అంటే ఇదే.

మౌంట్ రాస్కిల్‌లో ఏ దుకాణంలోనైనా చిల్లరగా చేతికొచ్చే 50 సెంట్ల నాణెం మీద కూడా ఓడే ఉంది. కెప్టెన్ కుక్ ఓడ ఎండెవర్, వెనక టారనాకి పర్వతం. 1967 జులైలో దశాంశ పద్ధతి వచ్చినప్పుడు జేమ్స్ బెర్రీ గీసిన బొమ్మ ఇది. 2006లో నాణెం పరిమాణం తగ్గి 24.75 మిల్లీమీటర్లకు వచ్చినా బొమ్మ మారలేదు. బెర్రీ ఓడకు మూడు కొయ్యలు, తెరచాపలు, తాళ్లు, అలలు అన్నీ ఉన్నాయి. అందమైన పనే. అది గట్టి ఉక్కు మీద, యంత్రపు ఒత్తిడితో, అరిగే భయం లేకుండా నిలిచే పని. పులుమావి టంకశాలకు ఆ గట్టి లోహం లేదు, ఆ యంత్రమూ లేదు. ఉన్నవి సీసం, సుత్తి, చేత్తో చెక్కిన అచ్చు. ఈ రెండు ఓడలను పక్కపక్కన పెడితే ఏది గొప్ప అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఒకటి వివరాల వల్ల ఓడ అయింది, ఇంకొకటి వివరాలను వదిలేసి ఓడ అయింది. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పుకోదగ్గది. ఆక్లండ్‌కు తూర్పున, హౌరాకీ సింధుశాఖకు ఆవల ఉన్న ద్వీపకల్పం పేరు కోరమాండల్. 1820లో కౌరీ కొయ్యల కోసం అక్కడ లంగరు వేసిన బ్రిటిష్ నౌక పేరు మీద అది వచ్చింది. ఆ నౌకకు పేరిచ్చింది మన తూర్పు తీరమే.

ఇప్పుడు మొదటి అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. పొదుపు అని పిలుస్తున్నది నిజానికి చేతగానితనం కాదా? చెక్కడం రాకపోతే ఎవరైనా తక్కువ గీతలే గీస్తారు కదా? ఈ అనుమానానికి అమరావతి జవాబు చెబుతుంది. అదే కాలంలో, అదే కృష్ణా తీరంలో, పాలరాయి లాంటి సున్నపురాతి మీద స్తూపాన్ని అలంకరించిన శిల్పులు గుంపులను, పరుగులను, తలవంచిన ఏనుగులను, బుద్ధుడి చుట్టూ మోకరిల్లిన స్త్రీలను చెక్కారు. ఆ స్తూపం దగ్గరే వాసిష్ఠీపుత్ర పులుమావి కాలపు శాసనం కూడా ఉంది. ఏనుగు కదలికను రాతిలో అంత లోతుగా పట్టిన సమాజం సీసం మీద ఏనుగును మూడు ముద్దల్లో చెప్పిందంటే, ఆ తేడాను నైపుణ్యంలో కాక ఎంపికలో వెతకాలి. రాతిశిల్పి వేరు, టంకశాలలో అచ్చు చెక్కే కమ్మరి వేరు అని దీనికి ఎదురుమాట ఉంటుంది. అది నిజమే. కానీ ఆ టంకశాలలే కావాలనుకున్నప్పుడు ముఖాలను కూడా చెక్కాయి. దానికి రుజువు వెండి నాణేలు.

గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి తదితరులు వెండి మీద తమ ముఖాలతో నాణేలు వేయించారు. తూకంలోనూ పరిమాణంలోనూ ఇవి శాతవాహనుల ప్రత్యర్థులైన పశ్చిమ క్షత్రపుల నాణేల తీరు. రెండు గ్రాముల చుట్టూ ఉండే చిన్న వెండి బిళ్లలు. బొమ్మ వైపు కుడికి తిరిగిన రాజు తల, చుట్టూ ప్రాకృతంలో పేరు. బొరుసు వైపు ఉజ్జయిని చిహ్నం, ఆరు కమానుల కొండ, కింద మెలికల నది, పైన సూర్యచంద్రులు. ఆ వైపు రాత దక్షిణాది భాషలో ఉంది. దాన్ని ప్రాచీన తమిళంగానో, తెలుగుకు దగ్గరి రూపంగానో పండితులు చర్చిస్తూ వచ్చారు. ఇది అరువు కళ అనేది రెండో అభ్యంతరం. క్షత్రపులు గ్రీకుల నుంచి నేర్చుకున్నారు, శాతవాహనులు క్షత్రపుల నుంచి నేర్చుకున్నారు, ఇందులో సొంతం ఏముంది అంటారు. బొమ్మ వైపు చూస్తే ఆ మాట సగం నిజం. బొరుసు తిప్పితే మాట మారుతుంది. క్షత్రప నహపానుడి నాణెం బొరుసున బాణం, వజ్రాయుధం ఉంటాయి. శాతవాహనులు ఆ జాగాలో తమ కొండను, తమ నదిని, తమ ఉజ్జయిని చిహ్నాన్ని పెట్టారు. అరువు తెచ్చిన తలకు ఎదురుగా సొంత నేలను నిలిపారు. బొమ్మ వైపు ముఖం ఒక మనిషిది, బొరుసు వైపు చిహ్నాలు దేశానివి. ముఖంలోనూ వాళ్ల చేయి ఉంది. క్షత్రప నాణేల మీది మీసాలు, టోపీల స్థానంలో దక్షిణాది తల, చెవి కుండలాలు వచ్చాయి. నేర్చుకుని మార్చడం అరువు కాదు. గ్రీకులు కూడా నాణేన్ని లిడియా నుంచే నేర్చుకున్నారు.

అసలు మనవాళ్లు నాణెం మీది ముఖాన్ని ఎలా చూశారన్నది ఇంకా లోతైన విషయం. దానికి మూడు సాక్ష్యాలున్నాయి. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13,000కు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ నహపానుడివే. అయితే వాటిలో 9,000కు పైగా నాణేల మీద గౌతమీపుత్రుడు తన కమానుల కొండను, ఉజ్జయిని చిహ్నాన్ని మళ్లీ కొట్టించాడు. కొత్త ముద్ర కింద పాత రాజు ముక్కు, గడ్డం, గ్రీకు అక్షరాల తునకలు ఇంకా కనిపిస్తాయి. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన దేశపు కొండ. ఇది ముందుగా గీసి చేసిన చిత్రం కాదు, కానీ ప్రతి నాణెం ఒక చరిత్ర చిత్రమైపోయింది. వీటిలో కొన్నిటి సౌందర్యం నాకు ఏ ఒక్క చిత్తరువు సౌందర్యం కన్నా గొప్పదిగా తోస్తుంది. రెండో సాక్ష్యం నల్గొండ జిల్లా అక్కనపల్లి రోమన్ నాణేల రాశి. వెయ్యికి పైగా వెండి దీనారీలు, ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. మన ప్రాంతంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో గీత పెట్టిన ఆనవాళ్లున్నాయి. లోపల వెండి ఉందో లేదో చూడ్డానికని కొందరు, ముఖాన్ని రద్దు చేయడానికని కొందరు అంటారు. కారణం ఏదైనా, ముఖం ఇక్కడ పవిత్రం కాదన్నది మాత్రం స్పష్టం. మూడో సాక్ష్యం దీనికి ఎదురుగా నిలుస్తుంది. కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలను మట్టిలో అచ్చు తీసిన బిళ్లలు దొరికాయి. వాటికి బంగారు పూత పూసి, రంధ్రం పెట్టి మెడలో వేసుకునేవారు. అంటే ఆ ముఖాన్ని అధికార చిహ్నంగా గౌరవించకపోయినా నగగా ప్రేమించారు. ముఖం అందం వీరికి తెలుసు. తమ నాణేల మీద దాన్ని పెట్టడం అవసరమని మాత్రం అంతగా అనుకోలేదు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. నాణెం కళ కాదు, పనిముట్టు. ఉప్పు కొనడానికి, పన్ను కట్టడానికి, సైనికుడికి జీతమివ్వడానికి వాడిన లోహపు ముక్క. దానిలో అందం వెతకడం మన కాలపు మోజు, అప్పటివాళ్లకు ఆ ఉద్దేశమే లేదు అంటారు. ఉద్దేశం సంగతి మొదట చూద్దాం. సిసిలీలోని సిరక్యూస్‌లో క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో కిమోన్, యువైనెటోస్ అనే అచ్చుపనివాళ్లు వెండి నాణేల మీద తమ సంతకాలు పెట్టుకున్నారు. తమ పనిని కళ అని వాళ్లు అనుకున్నారనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. మనవాళ్లు సంతకం పెట్టలేదు. అయినా అమరావతి శిల్పులు కూడా పెట్టలేదు కదా, వారిది కళ కాదని ఎవరంటారు? ఇక పనిముట్టు సంగతి. వాడకం అందాన్ని అడ్డుకోదు, దానికి నిబంధనలు పెడుతుంది. నాణెం చేతులు మారాలంటే దాన్ని చూడగానే నమ్మాలి. నమ్మాలంటే గుర్తుపట్టాలి. గుర్తుపట్టడానికి పనికొచ్చే స్పష్టతే ఈ నాణేల రూపకల్పనకు ప్రాణం. నాణెం రూపాన్ని జనం పట్టించుకోరన్న మాటకు న్యూజిలాండే జవాబు. 1966లో దశాంశ నాణేలకు మొదట తయారు చేసిన నమూనాలు పత్రికలకు ముందే చేరి బయటపడ్డాయి. రగ్బీ ఆటగాడి బొమ్మ ఉన్న నమూనాతో సహా వాటి మీద జనం మండిపడ్డారు. దాంతో ఆ నమూనాలను పక్కన పెట్టి జేమ్స్ బెర్రీ గీసినవాటిని తీసుకున్నారు. చిల్లర ఎలా కనపడాలో జనానికి గట్టి అభిప్రాయాలున్నాయి. అమరావతి దగ్గరి ధాన్యకటకం బజారులో కూడా ఉండేవని అనుకోవడానికి అభ్యంతరం లేదు.

శాతవాహనుల తరవాతి కాలం ఇంత సంపన్నం కాదు. ఇక్ష్వాకుల సీసపు నాణేలు నాగార్జునకొండలో విరివిగా దొరికాయి. చిన్నవి, పలుచని ఏనుగు, అలవాటుగా వేసిన ఉజ్జయిని చిహ్నం. పాత నమూనా చేతికి అలవాటైపోయి చూపు మందగించిన దశ అది. విష్ణుకుండి నాణేల మీది సింహంలో కొంత బలముంది. నోరు తెరిచి, పంజా ఎత్తి నిలబడుతుంది. తూర్పు చాళుక్యుల తొలి నాణేల మీద ‘విషమసిద్ధి’ అన్న బిరుదు, సింహం కనిపిస్తాయి. అక్కడి నుంచి చాలాకాలం వరకు చెప్పుకోదగ్గ కొత్తదనం లేదు.

ఆ మౌనాన్ని పదకొండో శతాబ్దంలో తూర్పు చాళుక్యుల బంగారు నాణేలు బద్దలు కొట్టాయి. శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల నాణేలు పెద్దవి, రేకంత పలచనివి, ఒక వైపే ముద్రలున్నవి. మధ్యలో వరాహం, దాని చుట్టూ గొడుగు, చామరాలు వంటి రాజలాంఛనాలు. అంచు వెంబడి తెలుగు కన్నడ లిపిలో అక్షరాలు. ఆ అక్షరాలను ఒక్క అచ్చులో కాక ఒక్కో అక్షరానికి ఒక్కో ముద్రతో విడివిడిగా గుద్దారు. శక్తివర్మ నాణెం మీద చాళుక్యచంద్ర అన్న బిరుదు, రాజరాజు నాణెం మీద అతని పేరు, పాలన సంవత్సరం ఉంటాయి. ఇవి అరకాన్ తీరంలోని చెదూబా దీవిలోనూ సయాంలోనూ దొరకడం వీటి ప్రయాణానికి సాక్ష్యం. కళ పరంగా వీటి కొత్తదనం అక్షరంలో ఉంది. శాతవాహన నాణెంలో అక్షరాలు బొమ్మకు కాపలా కాస్తూ అంచులో ఒదిగి, సగం తెగిపోతూ ఉండేవి. ఇక్కడ అక్షరాలే పూసల దండలాగా వరాహాన్ని చుట్టుకుని అలంకారమయ్యాయి. పలచని బంగారు రేకు మీద ప్రతి గుద్దు వెనక వైపు ఉబ్బుతుంది. ముద్ర పడిన లోతు, ఆ ఉబ్బు, బంగారం మెరుపు కలిసి వెలుగు దిశ మారినప్పుడల్లా నాణెం రూపం మారుతుంది. నన్నయను ఆదరించిన రాజు నాణెం మీద లిపి ఇంత ప్రేమగా పరచుకోవడం తెలుగు పాఠకుడిని ఆపి చూడమంటుంది. ఇది యాదృచ్ఛికం కావచ్చు. కానీ అక్షరాన్ని అందమైన వస్తువుగా చూడగలిగిన కాలం అది అని ఒప్పుకోక తప్పదు.

విజయనగర వరహా దీనికి పూర్తిగా ఎదురు. రేకు లేదు, వెడల్పు లేదు. మూడున్నర గ్రాములకు దగ్గరి చిన్న, మందపాటి బంగారు గుండు. దాని వ్యాసం పన్నెండు మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆ చిటికెడు జాగాలో హరిహరుడు హనుమంతుడిని, దేవరాయలు ఉమామహేశ్వరులను, అచ్యుతరాయలు గండభేరుండాన్ని, సదాశివరాయలు లక్ష్మీనారాయణులను ఇమిడ్చారు. వీటిలో శ్రీకృష్ణదేవరాయల బాలకృష్ణ వరహా నాకు అన్నిటికన్నా ఇష్టం. 1514లో ఉదయగిరి గెలిచి అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తెచ్చిన సంఘటనతో దీన్ని ముడిపెడతారు. ఒక మోకాలు మడిచి, చేతిలో వెన్నముద్దతో కూర్చున్న పిల్లవాడు. బొరుసున నాగరి లిపిలో రాజు పేరు. కళ్లు లేవు, ముక్కు లేదు, పెదవులు లేవు. తల ఒక బంగారు చుక్క, పొట్ట ఒక చుక్క, మోకాలు ఒక చుక్క. అయినా ఆ కూర్చున్న తీరులో పిల్లవాడి బొద్దుతనం దాచలేనిది. పులుమావి ఏనుగును మూడు ముద్దల్లో కట్టిన చేతి బుద్ధి పదమూడు వందల ఏళ్లకు పైగా గడిచాక ఇక్కడ మళ్లీ పనిచేసింది. లోహం వేరు, రాజ్యం వేరు, దేవుడు వేరు, పద్ధతి మాత్రం అదే. దీన్ని నేరుగా వచ్చిన వారసత్వమని అనడానికి వీల్లేదు. మధ్యలో ఎన్నో విరామాలున్నాయి. చిన్న జాగా, చేతి అచ్చు ఉన్న చోట మంచి కళాకారుడు మళ్లీ మళ్లీ ఈ పరిష్కారానికే వస్తాడని అనుకోవడమే సమంజసం. తరవాత తిరుమలరాయలు సీతారామలక్ష్మణులను ముగ్గురినీ ఒకే వరహా మీద నిలబెట్టాడు. వెంకటపతిరాయల నాణేల మీద తోరణం కింద తిరుమల వేంకటేశ్వరుడు నిలబడ్డాడు. ముగ్గురు ఉన్న చోట బొమ్మ కిక్కిరిసింది. ఒకే మూర్తి నిలువుగా నిలబడ్డ వేంకటేశ్వర నాణెం ఎక్కువ బాగుంది.

చివరిగా, దూరం గురించిన అభ్యంతరం. మౌంట్ రాస్కిల్‌లో ఉండే చదువరి ఈ నాణేలను చేతిలో పట్టుకోలేడు. చూసేది తెర మీది ఫొటో. అందులో పన్నెండు మిల్లీమీటర్ల వరహా అరచేయంత కనిపిస్తుంది. పెద్దగా చూపితే ఏదైనా గొప్పగానే కనిపిస్తుంది, నాణెం నిజమైన అందం అది కాదు అన్న వాదనలో నిజముంది. పెద్దది చేసిన ఫొటోలో బాలకృష్ణుడు బొద్దు విగ్రహంలా కనిపిస్తాడు. కానీ ఆ నాణెం ఘనత అతను అంత చిన్నగా ఉండి కూడా కృష్ణుడుగా గుర్తుపట్టబడటంలో ఉంది. దీనికి ఒక సులువైన విరుగుడు ఉంది. ఫొటో పక్కన ఇచ్చే కొలత చూసి, తెర మీది బొమ్మను నాణెం అసలు పరిమాణానికి కుదించి మొదట ఒకసారి చూడాలి. ఆ తరవాతే పెద్దది చేయాలి. సీసపు నాణేనికి పక్కనుంచి పడే వెలుగులో తీసిన ఫొటోయే నమ్మదగింది. ఎదురు వెలుగులో ఉబ్బెత్తు బొమ్మ చదునైపోతుంది. తుప్పు తోమి మెరిపించిన నాణేలను చూసి మోసపోకూడదు. సీసం మీద కాలం పూసిన పొరను గీకేస్తే బొమ్మ గీతలూ పోతాయి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాల, అమరావతి ప్రదర్శనశాల, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం వీటిని చూడదగ్గ చోట్లు.

పాత నాణేలను సొంతం చేసుకోవాలన్న ఆశ కూడా ఈ అందంతో పాటే వస్తుంది, దాని గురించి మన చట్టాలు స్పష్టంగా ఉన్నాయి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన విలువైన వస్తువు పది రూపాయలకు మించినదైతే దొరికినవారు కలెక్టరుకు తెలపాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడానికి ఎవరికీ సొంతంగా హక్కు లేదు. ఈ నిబంధనల వెనక కళకు సంబంధించిన కారణం కూడా ఉంది. కోటిలింగాల నాణెం కోటిలింగాలలో దొరికింది కాబట్టే గోభదుడు ఎక్కడివాడో మనకు తెలిసింది. ఏ కుండలో, ఏ పొరలో, ఏ ఇతర నాణేల పక్కన దొరికిందో తెలిసిన నాణెం మీది ఏనుగును ఎవరు, ఎప్పుడు, ఏ టంకశాలలో చెక్కారో చెప్పగలం. ఆ వివరాలు పోయిన నాణెం అందంగానే మిగలవచ్చు, కానీ దాని అందాన్ని ఆ టంకశాలలోని మిగతా అచ్చులతో పోల్చి చూసే అవకాశం పోతుంది. ఇక్కడ చేసిన వాదన అంతా అలాంటి పోలికల మీదే నిలబడింది.